సాయం అవసరం లేదు

జూన్ 2, ఆదివారం

వెనక గది తలుపు ఇవాళ తీశాను. పదహారు వారాలైంది. కీబోర్డు మీద దుమ్ము తుడిచాను. హెడ్‌సెట్ చేతిలోకి తీసుకుని మళ్ళీ కొక్కేనికి తగిలించాను. కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. ఫ్లయింగ్ స్కూల్లో పందొమ్మిదో తేదీన ఒంటరిగా పంపిస్తారట. రెండు ఊళ్ళ మీదుగా వెళ్ళి, మూడో ఊళ్ళో దిగి, మళ్ళీ ఎగిరి స్కూలుకి రావాలి. మొత్తం రెండున్నర గంటలు. పక్క సీట్లో నేర్పే మాస్టారు ఉండడు.

"ఏంటి నాన్నా, మాట్లాడవు? సంతోషంగా లేదా?"

"ఉంది."

"నీ సంతోషం కూడా రేడియోలో చెప్పినట్టే ఉంటుంది. రెండక్షరాలు."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అరచేతులు చల్లబడి ఉన్నాయి. విమానాలంటే నాకు భయం లేదు. పదకొండేళ్ళు ప్రతి ఆదివారం పొద్దున ఈ గదిలో కూర్చుని విమానాలు దింపాను. ఉత్తుత్తి విమానాలే. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని నడుపుతారు. నేను ఇక్కడ టవర్‌లో ఉన్నట్టు కూర్చుని దారి చెబుతాను. మా సంఘంలో ఇలాంటి పిచ్చివాళ్ళం రెండు వందల మంది. ఆటే, కానీ మాట మాత్రం అసలు టవర్‌లో లాగే ఉండాలి. అమ్మాయి ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది.

మరి భయం దేనికో తెలియదు. తెలిస్తే రాస్తాను.

ఫిబ్రవరి ఆదివారం గురించి ఇందులో రాయను. ఒక్కటి మాత్రం రాసి పెడతాను, మళ్ళీ మళ్ళీ తలలో తిరగకుండా. ఆమె పిలవలేదు. పిలిచి ఉంటే వినపడేది.

జూన్ 4, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చి సంఘం చర్చా పేజీ చూశాను. 'అసలాయన' ఒక ప్రశ్న వేశాడు. ముప్పై ఏళ్ళు పెద్ద విమానాలు నడిపి రిటైరైన కెప్టెన్. మా మధ్య నిజంగా ఎగిరినవాళ్ళు ఐదారుగురే ఉన్నారు. అందులో పెద్దవాడు కాబట్టి ఆ పేరు.

ప్రశ్న: రేడియోలో మాట్లాడటం కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు మొట్టమొదటి పాఠం ఏం చెబుతారు?

బస్సు డ్రైవరు: "మాట్లాడే మీట నొక్కే ముందు నోరు మూసుకుని ఆలోచించమంటాను. మా ఆవిడ నాకు నేర్పింది అదొక్కటే."

పళ్ళ డాక్టరు, మా కార్యదర్శి: "తక్కువ మాటలు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళంత తక్కువ."

తర్వాత ఎవరో నా పాత పాఠం తెచ్చి పెట్టారు, 'మన టవర్ మాస్టారు రాసింది' అని. క్లుప్తంగా ఉండాలి. విన్నది తిరిగి చెప్పాలి. ఛానల్‌ని సొంత గొడవలతో నింపకూడదు. కింద పాతిక మంది మెచ్చుకున్నారు.

అసలాయన జవాబు: "ఇవన్నీ రెండో పాఠం. మొదటి పాఠం, సాయం అడగడం."

బస్సు డ్రైవరు: "మన దగ్గర అది కుదరదు కదా సార్. ఆపదలో ఉన్నానంటే కంట్రోలర్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రద్దు చెయ్యాలి, లేదా లైన్ వదిలెయ్యాలి. లేకపోతే ఆదివారం పూట ప్రతివాడి ఇంజనూ తగలబడుతుంది."

అసలాయన: "తెలుసు. మీ ఆట, మీ రూలు. కానీ మీ దగ్గర నేర్చుకుని మా దగ్గరికి వచ్చిన కుర్రవాళ్ళు నలుగురైదుగురు నా పక్క సీట్లో కూర్చున్నారు. అందరికన్నా అందంగా మాట్లాడేది వాళ్ళే. ఇబ్బందిలో ఉన్నారన్న సంగతి మాత్రం వాళ్ళ చొక్కా తడిని చూసి నేను కనిపెట్టాల్సి వచ్చేది."

పేజీ మూసేశాను. మంచి మాటే. మా అమ్మాయికి వర్తించదు.

జూన్ 5, బుధవారం

ఆమె పిలవలేదు.

జూన్ 8, శనివారం

అమ్మాయి వీడియో పంపింది. కిందటి వారం మాస్టారితో కలిసి ఎగిరినప్పటిది. విమానంలో చిన్న కెమెరా పెట్టుకుంటుంది. రేడియో మాటలు, లోపలి మాటలు రెండూ వినిపిస్తాయి. 'టవర్ వాళ్ళు నా మాటని మెచ్చుకున్నారు, విను' అని రాసింది.

విన్నాను. నిజంగానే బాగుంది. తడబాటు లేదు, అనవసరమైన అక్షరం లేదు. ఇరవై రెండో నిమిషం దాకా గర్వంగా కూర్చున్నాను.

ఇరవై రెండో నిమిషంలో మ్యాపు మడత విప్పింది. కిటికీలోంచి కిందకి చూసింది. మళ్ళీ మ్యాపు చూసింది. సర్వే ఆఫీసులో నాకు మ్యాపులు గియ్యడమే పని. తానెక్కడున్నాడో తెలియని మనిషి వేలు మ్యాపు మీద ఎలా నడుస్తుందో నాకు తెలుసు. ఒక చోట ఆగదు. నది మీదకి వెళ్తుంది, రైలు పట్టాల మీదకి వెళ్తుంది, మళ్ళీ నది దగ్గరికే వస్తుంది.

మాస్టారు మాట్లాడలేదు. కావాలనే ఊరుకున్నాడనుకుంటాను.

ఇరవై ఐదో నిమిషంలో కంట్రోలర్ అడిగాడు. అనుకున్న దారి నుంచి పక్కకి జరుగుతున్నట్టున్నారు, సాయం ఏమైనా కావాలా అని.

"సాయం అవసరం లేదు. అంతా సవ్యంగా ఉంది."

అది నా గొంతు. ఆడపిల్ల గొంతులో నా గొంతు. ఆ మాట అంటున్నప్పుడు కూడా వేలు మ్యాపు మీద తిరుగుతూనే ఉంది.

ఇరవై ఎనిమిదో నిమిషంలో ఫ్యాక్టరీ పొగగొట్టం ఒకటి కనపడింది. "దొరికింది," అని గొణుక్కుంది.

ఆరు నిమిషాలు ఆ పిల్ల ఎక్కడుందో ఆ పిల్లకి తెలియదు. ఎవరికీ తెలియనివ్వలేదు కూడా.

మూడుసార్లు చూశాను. భయం దేనికో ఇప్పుడు తెలిసింది.

జూన్ 9, ఆదివారం

ఫోన్ చేశాను.

"చూశావా?" అంది.

"చూశాను. ఇరవై రెండో నిమిషం."

"అబ్బో. పట్టేశావా. టవర్ వాళ్ళు కూడా పట్టలేదు."

"వాళ్ళు పట్టారు. అడిగారు. నువ్వే వద్దన్నావు."

"దొరికింది కదా."

"దొరక్కపోతే?"

"దొరికింది కదా నాన్నా. మా మాస్టారిదీ ఇదే పాట. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా అంటాడు. ఆ ఛానల్లో పది మంది వింటుంటారు. ఆడపిల్ల, దారి తప్పింది, పాపం అనుకుంటారు. ఆ పాపం నాకెందుకు?"

"అనుకోనీ."

"ఎవరు అంటున్నది? రద్దు చేస్తారా, లైన్ వదిలేస్తారా అన్న పెద్దమనిషేనా?"

నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాం.

అప్పుడు దానికి పదిహేనేళ్ళు. ముందు గదిలో దాని కంప్యూటర్, వెనక గదిలో నాది. మధ్యలో వంటిల్లు. ఒక ఆదివారం మబ్బుల్లో దారి తప్పింది. ఛానల్లో సాయం కావాలంది. నేను అందరికీ ఎలా చెబుతానో అలాగే చెప్పాను. "ఎమర్జెన్సీని అంగీకరించడం లేదు. రద్దు చేస్తారా, లైన్ వదిలేస్తారా?" సొంత కూతురైనా తేడా చూపలేదని తర్వాత సంఘంలో చెప్పుకున్నారు. అది "రద్దు చేస్తున్నాను" అంది. చక్కగా, క్లుప్తంగా. భోజనాల దగ్గర అడిగితే, "కొండకి గుద్దేశాను," అని కూర వడ్డించుకుంది.

నేను నవ్వాను. వాళ్ళమ్మ నవ్వలేదు. "పిల్ల పిలిస్తే పలకరేంటండీ?" అంది.

"అది ఆట."

"పిలిచింది ఆట కాదేమో."

ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో అది మళ్ళీ సాయం అడగలేదు. నా టవర్‌లో ఎవరూ అడగలేదు. అదేదో నా ఘనతని అనుకున్నాను.

జూన్ 10, సోమవారం

ఆఫీసులో ఒక మ్యాపు షీటు వెనక్కి వచ్చింది. వాగు గీత ఒకే ఎత్తు గీతని రెండుసార్లు కోసింది. నీళ్ళు కొండెక్కినట్టు గీశాను. సూపరింటెండెంట్ మేడమ్ షీటు బల్ల మీద పెట్టి, "సెలవు పెట్టుకోండి కావాలంటే," అంది. అవసరం లేదన్నాను.

బాత్రూంలోకి వెళ్ళాక గుర్తొచ్చింది, ఏమన్నానో.

జూన్ 11, మంగళవారం

అసలాయనకి విడిగా మెయిల్ రాశాను. అమ్మాయి సంగతి, ఆరు నిమిషాల సంగతి, ఎనిమిది రోజులే ఉన్నాయన్న సంగతి. తొమ్మిదేళ్ళ నాటి పాఠాన్ని ఎనిమిది రోజుల్లో ఎలా తిప్పాలి అని అడిగాను.

గంటలో జవాబు వచ్చింది.

"మాస్టారూ, ఇంకో రూలు చెప్పకండి. రూలు మీద రూలు పెడితే పైన ఉన్నప్పుడు పాతదే నోటికి వస్తుంది. మీకు జరిగిందేదైనా చెప్పండి. పిలవకపోవడం వల్లనో, పిలిచినా పలకకపోవడం వల్లనో జరిగింది. అలాంటిది ఒకటి అందరికీ ఉంటుంది. నాకు రెండున్నాయి."

నాకలాంటిది ఏమీ జరగలేదని రాశాను. పంపాను.

జూన్ 13, గురువారం

సాయంత్రం బావమరిది వచ్చాడు. రెండు రొట్టెలు, ఒక పెద్ద తాళం పట్టుకొచ్చాడు. వెనక గదికి వెయ్యడానికట.

"పదకొండేళ్ళు మా అక్కని ఈ గదికి సవతిని చేశావు బావా. అక్కే పోయింది, ఇంక మూసెయ్."

"ఇవాళ తెరిచి లేదు."

"తెరిచి లేదంటాడు. ఈ ఇంట్లో దుమ్ము లేనిది ఆ కీబోర్డు ఒక్కటే."

టీ పెట్టాను. వాడు కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్కడ కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోవడం లేదు.

"అక్క గట్టిగా పిలిచే మనిషి కాదు," అన్నాడు. "లైబ్రరీలో ఉద్యోగానికి చేరకముందు నుంచీ అంతే. చిన్నప్పుడు బావిలో చెంబు పడిందని చెప్పడానికి అమ్మ పక్కన అరగంట నిలబడింది. అమ్మ తలెత్తి చూసేదాకా చెప్పలేదు."

నేను టీ గిన్నె కడిగి బోర్లించాను.

"ఆ రోజు నిన్ను పిలవలేదా బావా?"

"లేదు."

"నాక్కూడా ఫోన్ చెయ్యలేదు," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాడు నన్ను నమ్మాడు.

జూన్ 14, శుక్రవారం

పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను. ఫిబ్రవరి పదకొండు రికార్డింగు సంఘం దగ్గర ఉందా అని అడిగాను. ఆదివారాలన్నీ రికార్డు చేసి పెడతారు, తగవులొస్తే చూడటానికి.

వెనక డ్రిల్లు శబ్దం ఆగింది.

"ఉంది మాస్టారూ. తీసి విడిగా పెట్టాను. ఎవరూ వినకుండా."

"ఎందుకు?"

"నేను విన్నాను కాబట్టి. ఆ రోజే విన్నాను. మీరు మీట నొక్కి నాకు దిగమని చెబుతున్నారు. మీ వెనక ఆవిడ గొంతు వినపడింది." ఆగాడు. "చెబుదామనుకున్నాను. ఆ రోజే అడుగుదామనుకున్నాను, ఇంట్లో పిలుస్తున్నారేమో చూడండి అని. ఛానల్లో సొంత విషయాలు మాట్లాడకూడదు కదా."

అది నా రూలే.

"ఇంకెవరు విన్నారు?"

"లైన్లో ఉన్నవాళ్ళందరూ. పద్నాలుగు మంది."

జూన్ 15, శనివారం

విన్నాను. పొద్దున పదింటికి, ఎండ గదిలోకి వచ్చే వేళ, ఆ రోజులాగే.

రాయాల్సినట్టు రాస్తాను.

మొదటిసారి పది గంటల పన్నెండు నిమిషాలకి. నేను పళ్ళ డాక్టరుకి గాలి వేగం చెబుతున్నాను. నా మాటల వెనక, గుమ్మం దగ్గర నుంచి: "ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా."

అది రికార్డులో ఉంది. నాకు వినపడలేదని అనుకుంటూ వచ్చాను. నా మాట మధ్యలో సగం క్షణం తెగింది. వినపడింది కాబట్టే తెగింది.

రెండోసారి పది గంటల పద్నాలుగు నిమిషాలకి. అప్పుడు ఆమె గదిలోకి వచ్చింది. కుడి చేత్తో ఎడమ భుజం పట్టుకుని ఉండటం కంప్యూటర్ తెర అద్దంలో కనపడింది. అది రికార్డులో లేదు, నా కళ్ళలో ఉంది. "ఒంట్లో ఎలాగో ఉందండీ," అంది. నేను వెనక్కి తిరగకుండా అరచెయ్యి ఎత్తి చూపించాను. ఆగు అని. కంట్రోలర్లందరం అలాగే చూపిస్తాం. ఇంట్లో వాళ్ళందరికీ ఆ చెయ్యి తెలుసు.

"సరే, మీ పని కానివ్వండి," అంది. అది రికార్డులో ఉంది.

నేను హెడ్‌సెట్ తీసింది పది గంటల యాభై ఆరు నిమిషాలకి. నలభై రెండు నిమిషాలు. పద్నాలుగు విమానాలు దిగాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది, నా చెయ్యి దిగేదాకా కూర్చుందామని కూర్చున్నట్టు.

ఆమె పిలిచింది.

జూన్ 16, ఆదివారం

అమ్మాయికి ఫోన్ చేశాను. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

జూన్ 17, సోమవారం

అసలాయనకి అంతా రాశాను. ఇప్పుడు ఇది చెబితే పందొమ్మిదిన దాని చేతులు వణుకుతాయి, చెప్పకపోతే పైన దాని నోరు పెగలదు, ఏది చెయ్యను అని అడిగాను.

ఈసారి ఫోనే చేశాడు. ముసలి గొంతు, నెమ్మదిగా మాట్లాడతాడు.

"వణికే చేతులతో దిగినవాళ్ళని చాలామందిని చూశాను మాస్టారూ. నేనూ దిగాను. మీ అమ్మాయి మాస్టారుకి కూడా చెప్పండి, పంపాలో వద్దో ఆయన చూసుకుంటాడు. అది ఆయన పని. మీ పని మీది."

"అది నన్ను క్షమించదు."

"ఆ సంగతి నన్ను అడగలేదు కదా మీరు," అన్నాడు.

సెలవు చీటీ రాశాను. రేపు మధ్యాహ్నం రైలు.

జూన్ 18, మంగళవారం

స్కూలు క్యాంటీన్. రేకుల కప్పు, ఆరు బల్లలు, గోడ మీద గాలి దిక్కు రాసే పలక. ఐదున్నరకి అమ్మాయి వచ్చింది. చెప్పకుండా వచ్చినందుకు నవ్వుతూ తిట్టింది. రెండు టీలు తెచ్చింది.

"రేపటి కోసం ఇంత దూరం వచ్చావా? నువ్వు కంచె దగ్గర నిలబడి చెయ్యి ఊపితే నాకు కనపడదు నాన్నా. పైనుంచి చీమలా ఉంటావు."

"ఒకటి చెప్పాలి."

"చెప్పు. క్లుప్తంగా."

"అమ్మ పిలవలేదని చెప్పాను. అబద్ధం."

గ్లాసు కింద పెట్టింది.

"ఎన్నిసార్లు?"

"రెండు."

"నీకు వినపడిందా?"

"వినపడింది."

"నువ్వేం చేశావు?"

అరచెయ్యి ఎత్తి చూపించాను.

దాన్ని చాలాసేపు చూసింది. ఆ చెయ్యి దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పక్క బల్ల దగ్గర ఎవరో నా వైపు తిరిగి చూశారు, పిలుస్తున్నానేమోనని. దించాను.

"నీకు నేర్పింది తప్పు," అన్నాను. "రేపు ఏ చిన్నది తేడాగా అనిపించినా పిలువు. పది మంది విననీ. పాపం అనుకోనీ."

"అందుకా చెప్పావు? రేపటి కోసమా?"

"అవును."

"రేపు లేకపోతే చెప్పేవాడివి కాదు."

నిజమే చెప్పాను. "కాదేమో."

లేచి వెళ్ళిపోయింది. నేను మాస్టారు గదికి వెళ్ళి ఏం చెప్పానో ఆయనకి చెప్పాను. నాకన్నా చిన్నవాడు, ఎండకి మాడిన మొహం. విన్నాడు. "పొద్దున నేను మాట్లాడతాను," అన్నాడు.

ఇప్పుడు లాడ్జిలో ఉన్నాను. మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూన్ 19, బుధవారం

వరసగా రాస్తాను.

ఏడున్నరకి మాస్టారు బయటికి వచ్చాడు. "ఇవాళ వద్దు, ఇంకో రోజు చూద్దామన్నాను. వెళ్తానంది. దారి మొత్తం నోటితో అప్పజెప్పించాను, ఒక్కటి తప్పలేదు. ఏడ్చావా అనడిగితే, ఏడ్చాను, అయిపోయింది అంది. వెళ్ళొచ్చనే అనిపించింది."

ఎనిమిదీ నలభైకి ఎగిరింది. నా వైపు చూడలేదు.

పాఠాలు చెప్పే గదిలో గోడకి స్పీకరు ఉంది. టవర్ మాటలు వస్తాయి. ఆ మూల కుర్చీలో కూర్చున్నాను. తొమ్మిదీ యాభైకి మూడో ఊళ్ళో దిగానని ఫోన్ చేసి చెప్పింది, మాస్టారుకి. పదింటికి మళ్ళీ ఎగిరింది. పదకొండుంపావుకి రావాలి.

పదిన్నరకి గాలి ఆగిపోయింది. కంచె అవతలి చెట్లు మసకబారాయి. మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. రెండోసారి వెళ్ళి వచ్చాడు. మూడోసారి అక్కడే నిలబడిపోయాడు.

పదీ నలభైకి గొంతు వినపడింది. ఎత్తు, దిక్కు, 'అంతా సవ్యంగా ఉంది'. తడబాటు లేదు. అనవసరమైన అక్షరం లేదు. మాస్టారు ఊపిరి వదిలాడు. నేను వదల్లేదు. ఆ గొంతు నాకు తెలుసు.

పదీ యాభై రెండుకి కంట్రోలర్ అడిగాడు, ఇప్పుడు ఏ ఊరి మీద ఉన్నారు అని.

జవాబు లేదు.

మళ్ళీ అడిగాడు.

లేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ ఉన్నాను. పది. పదిహేను. స్పీకరు లోపల చిన్న టిక్కు వినపడింది. మీట నొక్కి వదిలేసిన శబ్దం. మళ్ళీ టిక్కు. మళ్ళీ వదిలేసింది. తొమ్మిదేళ్ళ కిందట నేనన్న మాట అక్కడ దాని చెవిలో ఉందని నాకు తెలుసు. ఆ గదిలో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కుర్చీ అంచు పట్టుకున్నాను. దేవుణ్ణి తలుచుకోలేదు. దాన్నే, ఆమెనే తలుచుకున్నాను. చెప్పవే, గట్టిగా చెప్పవే అని. ఎవరితో అంటున్నానో నాకే తెలియలేదు.

ఇరవై రెండు సెకన్లు.

"నేను ఎక్కడున్నానో నాకు తెలియడం లేదు." గొంతు వణుకుతోంది. రేడియో మాట కాదు, మామూలు మాట. "మసకగా ఉంది. కింద నీళ్ళు కనపడుతున్నాయి, ఏ చెరువో తెలియదు. ఇందాక సవ్యంగా ఉందని చెప్పాను, లేదు. భయంగా ఉంది. సాయం కావాలి."

ఛానల్లో అప్పటిదాకా మాట్లాడుతున్న వాళ్ళందరూ ఊరుకున్నారు.

"సరే అమ్మా," అన్నాడు కంట్రోలర్. మధ్యవయసు మనిషి గొంతు. "నేనిక్కడే ఉన్నాను. ముందు రెక్కలు సమంగా ఉంచు. ఇంధనం ఎంతసేపటికి ఉంది?"

"గంటన్నర."

"బోలెడుంది. ఒక అంకె చెబుతాను, ముందున్న పెట్టెలో తిప్పు. నువ్వెక్కడున్నావో నాకు కనపడుతుంది." కాసేపు ఆగి, "ఆ, కనపడ్డావు. చెరువు నీకు ఎడమ పక్కన ఉండాలి, ఉందా?"

"ఉంది."

"అయితే మనిద్దరం ఒక్క చోటే ఉన్నాం."

పదకొండూ ఇరవై తొమ్మిదికి దిగింది. చక్రాలు రెండుసార్లు ఎగిరాయి. చెడ్డ ల్యాండింగు. అంత చెడ్డ ల్యాండింగు చూసి నేనెప్పుడూ అలా నిలబడిపోలేదు.

లోపలికి వచ్చింది. చొక్కా వీపంతా తడి. మాస్టారు కాగితం మీద ఏదో రాసి, "ఈ ఫ్లైటు లెక్కలోకి రాదు. మళ్ళీ చెయ్యాలి," అన్నాడు. తర్వాత, "ముందే ఎందుకు పిలవలేదు?" అన్నాడు. తర్వాత దాని తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

మేమిద్దరమే ఉన్నాం. నా నుంచి ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"నీ మాట విని పిలిచాననుకోకు," అంది. "పైన నీ అరచెయ్యే కనపడింది. నీ మీద కోపంతో నొక్కాను. అమ్మ నొక్కడానికి మీట కూడా లేదు కదా అనుకుని నొక్కాను."

"సరే."

"సరే అనకు."

అనలేదు.

"కొన్నాళ్ళు ఇంటికి రాను. ఫోన్ చెయ్యకు. నేనే చేస్తాను. ఎప్పుడో తెలియదు."

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మామయ్యకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు."

జూన్ 20, గురువారం

బావమరిదికి చెప్పాను. వాడు బల్ల మీది తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 21, శుక్రవారం

సంఘానికి రాసి ఇచ్చాను. సాయం అడిగితే కాదనే ఆ రూలు తీసేసేదాకా టవర్‌లో కూర్చోనని. పళ్ళ డాక్టరు, "నేనూ సంతకం పెడతాను," అన్నాడు. బస్సు డ్రైవరు, "అయితే ఆదివారం నా ఇంజను తగలబడుతుంది, సిద్ధంగా ఉండండి," అని రాశాడు. కిందే మళ్ళీ, "ఆ రోజు నేనూ విన్నాను మాస్టారూ," అని రాసి, కాసేపటికి తీసేశాడు.

ఫోన్ రాలేదు.

జూన్ 22, శనివారం

పొద్దున మెసేజి వచ్చింది.

'26న మళ్ళీ పంపిస్తున్నారు. అదే దారి. నువ్వు రావద్దు.'

వెళ్ళను. రావద్దంది కాబట్టి వెళ్ళను. కానీ తేదీ చెప్పింది.

ఏం రాయాలో మధ్యాహ్నం దాకా తెలియలేదు. జాగ్రత్త అని రాసి చెరిపేశాను. శుభం అని రాసి చెరిపేశాను. దిక్సూచి గురించి నాలుగు లైన్లు రాసి అన్నీ చెరిపేశాను. రెండు దాటాక, 'నాకు భయంగా ఉంది' అని రాశాను. ఈ మాట నా జీవితంలో ఎవరికీ చెప్పలేదు. ఆమెకి కూడా. చెరపకముందే పంపేశాను.

చూసినట్టు తెలిసింది. జవాబు రాలేదు. టీ పెట్టుకుని, కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆ కుర్చీలో కూర్చున్నాను. మొదటిసారి. అక్కడి నుంచి వెనక గదిలో నా కుర్చీ వీపు కనపడుతుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఐదింటికి జవాబు వచ్చింది. ఒక్క మాట.

'నాకూ.'